అది నిద్ర కాదు

అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లలో ఎవరినడిగినా విక్రమ్ చంద్రునిపై దిగిన తేదీ తడుముకోకుండా చెబుతారు: 2023 ఆగస్టు 23. మళ్ళీ ఎందుకు లేవలేదంటే మాత్రం ‘నిద్ర’ అంటారు. నిద్రేమిటండీ? పద్నాలుగు రోజుల చంద్రరాత్రి చలికి బలైపోయింది!

అణుధార్మిక వేడినిచ్చే పరికరాలు మనకు లేకనా? ఒక్కో వాట్ చొప్పున రెండింటిని, కక్ష్యలోనే ఉండిపోయే ప్రొపల్షన్ మాడ్యూలులో పరీక్షకు పెట్టారు. ల్యాండరుకేమో బరువట! 1977 నాటి వాయేజర్లు అటువంటి వేడినే, ప్లుటోనియం-238 నుంచి తీసి కరెంటుగా మార్చుకుంటూ కదా ప్లూటో కక్ష్యను దాటినవి!

ప్రమాదమంటారా? 1964లో అమెరికా ఉపగ్రహమొకటి కూలి ప్లుటోనియం గాలిలో కలిసిన మాట నిజమే. కవచం మార్చారు. 1968లో కూలిన నింబస్ ఇంధనాన్ని సముద్రంలోంచి చెక్కుచెదరకుండా తీసి మళ్ళీ వాడుకున్నారు.

ఇస్రో 2021లోనే 100 వాట్ల అణు జనరేటరుకు ప్రతిపాదనలు పిలిచింది. పగటికే పరిమితమైన మరో ల్యాండరును పంపి, మళ్ళీ మాకు జోల పాడకండి.