సీతమ్మ వాకిలి ఎవరి పేరున ఉంది?

సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక అందరం టీవీ ముందు చేరాం. తెరమీద పెద్ద మండువా ఇల్లు, గుమ్మాలకు మామిడి తోరణాలు, వాకిలి నిండా ముగ్గు. "అచ్చం మన ఇల్లే కదక్కా!" అన్నాడు తమ్ముడు. అందరం అవునన్నాం. నేనూ అన్నాను. నిజం చెప్పాలంటే నా కళ్ళు చెమర్చాయి కూడా.

పండగ వెళ్ళిన మర్నాడు తమ్ముడు కొన్ని కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. హక్కు విడుదల దస్తావేజు. తాతగారు కట్టించిన ఇల్లు అది. నాన్న వీలునామా రాయకుండానే పోయారు. ఇప్పుడు ఇల్లు తన పేరున మార్పించుకోవాలంటే అక్కచెల్లెళ్ళం ముగ్గురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి సంతకాలు పెట్టాలట. "ఇల్లెక్కడికి పోతుందక్కా? ఎప్పుడొచ్చినా నీదే కదా!" అన్నాడు. అమ్మ అప్పటికే మూడు చీరలూ, పసుపూ కుంకుమా పళ్ళెంలో సర్ది ఉంచింది.

చదువుకుని చెప్తాను అన్నాను. ఆ ఒక్క మాటకే ఇంట్లో అందరి మొహాలూ మారిపోయాయి. "నీ నోటినుంచి ఇలాంటి మాట వస్తుందనుకోలేదే" అంది అమ్మ. నేను వాటా అడగలేదు. చదువుతానన్నాను, అంతే! తిరుగు ప్రయాణంలో బస్సులో కూచుని ఆలోచిస్తుంటే తమ్ముడి మీద కోపం కన్నా నామీద నాకే ఆశ్చర్యం ఎక్కువైంది. రెండు రోజుల ముందు ఆ సినిమా ఇంటిని చూసి నేనెందుకు కన్నీళ్ళు పెట్టుకున్నాను? అది ఎవరింటి కోసం?

ఇటుకా సున్నం కలిపితే గోడలవుతాయి. ఆ గోడల మధ్య ఏది గౌరవమో, ఏది అత్యాశో, ఎవరు యజమానో, ఎవరు చుట్టమో మనకు నేర్పేవి మాత్రం కథలూ సినిమాలే. తెలుగు సినిమా ఇంటి గురించి మనకేం నేర్పిందో ఒకసారి లెక్క చూసుకుందాం.

'పుట్టిల్లు' (1953), 'పుట్టినిల్లు మెట్టినిల్లు' (1973), 'పుట్టింటి పట్టుచీర' (1990), 'పుట్టింటికి రా చెల్లీ' (2004). పేర్లు చూడండి. ఆడదానికి పుట్టినచోటు ఒకటుంది, మెట్టినచోటు ఒకటుంది. ఒకచోటినుంచి పంపిస్తారు, మరోచోట ఏలుకుంటారు. పండక్కి రమ్మని పిలుస్తారు, చీర పెడతారు. ఆమెదంటూ ఒక ఇల్లుంటుందన్న ఊహ ఈ పేర్లలో ఎక్కడైనా ఉందా?

'ముత్యాల ముగ్గు' (1975) తీసుకోండి. బాపు రమణలు ఉత్తర రామాయణాన్ని నేటి సంసారంలోకి తెచ్చిన సినిమా. ఎంత అందమైన ముగ్గో, ఎంత అందమైన వాకిలో! కానీ ఆ ముగ్గు వేసే చేతికి గుమ్మం లోపల ఉండే హక్కు భర్త నమ్మకం మీద వేలాడుతుంది. నమ్మకం పోగానే గర్భిణి అయిన భార్య బయట! పిల్లల పుణ్యమా అని కథ సుఖాంతమవుతుంది గానీ, ఆమెను ఆ ఇంట్లోంచి పంపించే అధికారం అతనికెక్కడిదన్న ప్రశ్న సినిమాకు రాదు.

'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' (2013)లో ఆ వాకిలి సీతదన్నది పేరులోనే. కథలో ఆమె ఆ ఇంట్లో పెరిగిన మేనకోడలు. ఇంటెడు మందికీ కావలసినవన్నీ అమరుస్తూ, బావతో పెళ్ళి కోసం ఎదురుచూస్తుంటుంది. ఆమె ఆ ఇంట్లో శాశ్వతంగా ఉండిపోవడానికి కథ చూపే దారి ఆ పెళ్ళే. అదే ఏడాది వచ్చిన 'అత్తారింటికి దారేది'లో ఇష్టపడి పెళ్ళి చేసుకున్నందుకు తండ్రికి దూరమైన కూతురుంది. ముసలితనంలో ఆయనకు కూతురు కావాలి. మనవడు బయల్దేరతాడు. ఆమె క్షమిస్తుందా, తిరిగి వస్తుందా అన్నదే కథంతా. ఇన్నేళ్ళూ ఆమెకు చెందవలసింది ఏమైందని అడిగే పాత్ర ఒక్కటి లేదు.

ఇంటి పెత్తనం ఆడదాని చేతిలో ఉంటే ఏమవుతుందో 'గుండమ్మ కథ' (1962) చెప్పింది. గుండమ్మ సవతి కూతురిని పనిమనిషిని చేసిన మాట నిజమే, అది అన్యాయమే. కానీ దానికి మందు ఏమిటి? ఇద్దరు మగపిల్లలు వేషాలు మార్చుకుని వచ్చి ఆ ఇంటిని దారిలో పెడతారు, పొగరుబోతు రెండో కూతురికి తోటపని చేయించి బుద్ధి చెప్తారు. అరవై ఏళ్ళుగా మనం పగలబడి నవ్వుతూ నేర్చుకున్న పాఠం ఇది.

సినిమా కాలక్షేపం, దానికింత రాద్ధాంతమా అనేవాళ్ళుంటారు. సరే, చట్టం ఏమందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కునిచ్చింది. కానీ అది అమల్లోకి వచ్చేనాటికే పెళ్ళయినవాళ్ళను పక్కన పెట్టింది. కేంద్రం 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక ఆ తేడా పోయింది. ఆ సవరణే 23వ సెక్షన్ను కూడా తీసేసింది. ఈ సెక్షన్ గురించి మనలో ఎంతమందికి తెలుసు? కుటుంబం కాపురమున్న ఇంటిని మగ వారసులు పంచుకోదలిస్తే తప్ప ఆడవాళ్ళు పంపకం అడగడానికి వీల్లేదని 1956 నుంచీ ఉన్న నిబంధన అది. కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఆమె పెళ్ళి కానిదో, భర్త వదిలేసిందో, భర్తనుంచి విడిపోయిందో, విధవో అయితేనే! సినిమా పుట్టింటికీ చట్టం పుట్టింటికీ నలభై తొమ్మిదేళ్ళపాటు ఎంత చక్కగా పొత్తు కుదిరిందో చూడండి.

2020లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది. కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుంది, 2005లో సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదాంతో పనిలేదు అని. చట్టం మారింది. సినిమా మారలేదు. అందుకే ఇప్పుడు చట్టం చేయలేని పనిని మమకారం చేస్తోంది. హక్కు లేదని మనకిప్పుడెవరూ చెప్పరు. "నువ్వే వదిలేసుకో" అంటారు. అలా వదిలేసుకోవడంలో ఒక గొప్పతనం, వదులుకోకపోవడంలో ఒక సిగ్గు ఉన్నాయని మనకు ముందే నేర్పి ఉంచారు. మా అమ్మ పళ్ళెంలో పెట్టిన చీర అచ్చం ఆ సినిమాల్లోని చీరే.

ఇంటికి ఇంకో అర్థం లేకపోలేదు. ఆ అర్థాన్ని మన రచయిత్రులు రాశారు. పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుక్కుంటూ, దానికి మెరుగులు దిద్దుకుంటూ ఉన్న ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. పేరు వెతుక్కుంటూ ఆ ఇంటినుంచి బయల్దేరవలసి వస్తుంది. అబ్బూరి ఛాయాదేవి బోన్సాయ్ మొక్కలో ఆడవాళ్ళ పెంపకాన్ని చూపించింది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనంలో విమల కవిత 'వంటిల్లు' చదివాక ఏ మండువా ఇల్లూ నాకు మునుపటిలా కనిపించలేదు. చాలా సినిమాల్లో ఇల్లు వీధి గుమ్మంలోంచి కనిపిస్తుంది. వీళ్ళు వంటింట్లో నిలబడి చూశారు. 2021లో మలయాళంలో జియో బేబీ 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' తీసినప్పుడు కెమెరా కూడా అక్కడ నిలబడగలదని రుజువైంది. కారిపోతున్న సింకు గొట్టం, ఎంగిలి కంచాలు, మళ్ళీ మళ్ళీ అదే చాకిరీ. అవి చూశాక తోరణాలు చూసి కన్నీళ్ళు పెట్టుకోవడం కష్టం.

నా సంగతీ నేను చెప్పుకోవాలి. నేను వాటా గురించి ఆలోచిస్తున్న ఆ ఇంటికి పెరటి గుమ్మం కూడా ఉంది. నా చిన్నప్పుడు అంట్లు తోమడానికీ దొడ్డి ఊడవడానికీ వచ్చే ఆమె ఆ గుమ్మం దాటి లోపలికి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటి ఆస్తిలో ఆమెకు ఏ చట్టమూ వాటా ఇవ్వలేదు, ఇంటి జ్ఞాపకాల్లో మేమూ ఇవ్వలేదు. గోగు శ్యామల 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం' కథల్లో తెలంగాణ పల్లెలోని మాదిగవాడ చదివినప్పుడు నాకు సిగ్గేసింది. ఊరి మధ్యనున్న పెద్దింట్లోనే ఊరంతా ఉందని మనకు నేర్పిన సినిమాలే, వాడలో బతుకూ ఆటా తల్లీబిడ్డల ముచ్చటా ఉన్నాయన్న సంగతిని దాచాయి. ఒక ఇంటిని దేవాలయం చేయాలంటే ఎవరినో ఒకరిని గుమ్మం బయట నిలబెట్టాలి కాబోలు!

వాటా అడిగితే అన్నదమ్ముల బంధం తెగిపోతుందని భయపెడతారు. నిజమే, కొన్ని తెగుతాయి. ఒక్క సంతకం మీద ఆధారపడిన బంధం సంతకం పెట్టినా ఎన్నాళ్ళుంటుంది? పెట్టని అక్కచెల్లెళ్ళను నిందించే ముందు, అసలా కాగితం ముందుకు తెచ్చినవాళ్ళను ఒక్క మాట అడగరేం?

ఇంటికొచ్చాక ఆ దస్తావేజు నకలు తీరిగ్గా చదివాను. హక్కు వదులుకునేవాళ్ళ జాబితాలో మా ముగ్గురి పేర్లకన్నా పైన, మొదటి పేరు అమ్మది. యాభై ఏళ్ళు ఆ వాకిట్లో కళ్ళాపి చల్లిన మనిషి! ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ ఉందా అందులో?" అంది.

ఉందమ్మా, అన్నాను. తనకూ ఉంది, మాకూ ఉంది. తమ్ముడికీ ఉంది, కాదనడం లేదు. నేను సంతకం పెట్టడం లేదని తమ్ముడికి ఉత్తరం రాశాను. అమ్మ ఇంకా ఏమీ తేల్చలేదు, ఆలోచిస్తోంది. ఈ లోపల 'ఇల్లలకగానే' కథ ఆమెకు పంపాను. మీ ఇళ్ళలో కూడా ఇలాంటి కాగితాలు పళ్ళెంలో పెట్టుకుని వస్తాయి. చీర తర్వాత చూడొచ్చు, ముందు కాగితం చదవండి. మొదటి పేరు ఎవరిదో చూడండి.