కుర్చీ అదే, పద్దు వేరు

ఇంగ్లండులో ఉన్న కుర్రవాడు "సొంతంగా కంపెనీ పెట్టాడండీ" అని పెళ్లిసంబంధాల వేళ చెప్పుకునే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. చెప్పుకోదగిన మాటే. కాకపోతే ఆ కంపెనీకి డైరెక్టరూ అబ్బాయే, గుమాస్తా కూడా అబ్బాయే. ఏ బ్యాంకుకో, బీమా సంస్థకో కంప్యూటరు పని చేసిపెట్టి, నెల తిరిగేసరికి జీతం పుచ్చుకోవడానికి బదులు బిల్లు పంపుతాడు. అక్కడ వీరిని కంట్రాక్టర్లంటారు. వంతెనలు కట్టే కంట్రాక్టర్లతో వీరికి చుట్టరికం లేదు.

బిల్లుకూ జీతానికీ తేడా ఏమిటంటారా? జీతమైతే పన్నూ, నేషనల్ ఇన్సూరెన్సూ ముందే కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు. బిల్లయితే సొమ్ము కంపెనీకి చేరుతుంది. అందులోంచి కొద్దిగా జీతమనీ, తక్కినది డివిడెండనీ తీసుకుంటే పన్ను తగ్గుతుంది. నిజంగా స్వతంత్రుడైతే ఇందులో తప్పేమీ లేదు. పేరుకు కంపెనీ, పనికి నౌకరీ అయితేనే సర్కారుకు కోపం. 1999 మార్చిలో అక్కడి పన్నుల శాఖ దీని మీద ఒక ప్రకటన చేసింది. దాని వరస సంఖ్య 35. 2000 ఏప్రిల్ నుంచి అది అమలుకు వచ్చింది, జనం నోట ఐఆర్ 35 అన్న పేరే నిలిచిపోయింది. బిడ్డకు బారసాల మరచి, ఆసుపత్రి చీటీ మీది అంకెతో పిలిచినట్లు!

ఎవరు స్వతంత్రుడు, ఎవరు నౌకరు అని తేల్చడానికి నేటికీ 1968 నాటి రెడీ మిక్స్‌డ్ కాంక్రీట్ కేసునే ఉదహరిస్తారు. అందులో డ్రైవరు లారీని వాయిదాల మీద కొనుక్కున్నాడు. లారీకి కంపెనీ రంగు, ఒంటి మీద కంపెనీ దుస్తులు. చూసినవాడెవడైనా కంపెనీ నౌకరనే అంటాడు. జడ్జి మెకెన్నా కాదన్నాడు. లారీ అతడిదే, మరమ్మతులు అతడివే, తనకు బదులు మరొక డ్రైవరును పెట్టుకునే వీలూ ఉంది. సమాసం పైరూపం చూడకండి, విగ్రహవాక్యం చూడండని నేను క్లాసులో గొంతు చించుకునేది కూడా ఇందుకే.

ఇక అసలు చిక్కు. ఈ నిర్ణయం చేసే భారాన్ని 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వ కార్యాలయాలకూ, 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని పెద్ద, మధ్యతరహా సంస్థలకూ మార్చారు. పొరపాటు జరిగితే పన్ను తమ నెత్తిన పడుతుందని చాలా సంస్థలు అందరినీ ఒకే గాటన కట్టేశాయి. ఆ భయం ఉత్తదేమీ కాదు. అక్కడి ఉద్యోగ, పింఛన్ల శాఖే లెక్క తప్పి, 2020-21 పద్దుల్లో 8 కోట్ల 79 లక్షల పౌండ్ల బాకీ చూపవలసి వచ్చింది. తన నౌకరెవరో సర్కారుకే తెలియకపోతే తక్కినవారి గతేమిటి?

మా అక్కయ్య అల్లుడికి జరిగిందిదే. అదే ఆఫీసు, అదే కుర్చీ, అదే పై అధికారి. 2021 ఏప్రిల్ 5 దాకా స్వతంత్రుడు, 6 నుంచి నౌకరు. రాబడి తగ్గిందని అతడు దిగులుపడుతుంటే మా అక్కయ్య నాతో ఫోనులో అన్నది, "ఒరే, ఇవాళ నౌకరైతే మరి నిన్న ఎవరని అడగరుట్రా?" ఆవిడ చదువు అయిదో తరగతి. లండన్ ఆడిటర్లు గంటకింతని పుచ్చుకుని చెప్పేదీ ఆ మాటే.

అడగవచ్చు. మామూలుగా నాలుగేళ్లు, అజాగ్రత్త కనిపిస్తే ఆరేళ్లు, కావాలని దాచితే ఇరవయ్యేళ్లు వెనక్కి వెళ్లే అధికారం వారికున్నది. 2021కి ముందటి ప్రైవేటు పనుల బాకీ తేలితే అది అబ్బాయి సొంత కంపెనీ మీదనే పడుతుంది. ఆ ఏళ్ల మిగులంతా బెజవాడలో ఫ్లాటుగా మారి కూర్చుంది మరి! కొత్త నిబంధన కింద వర్గం మారినంత మాత్రాన, మోసమో నేరమో జరిగిందన్న అనుమానం ఉంటే తప్ప పాత ఏళ్ల మీద కొత్త విచారణ తెరవబోమని పన్నుల శాఖ అప్పట్లో మాట ఇచ్చింది. ఆ మాటను నమ్మవచ్చుననే నా అభిప్రాయం. అయితే అది పాత లెక్క సరైనదేనని ఇచ్చిన రసీదు కాదు. మరొక దారిన విచారణ వస్తే కాపాడేవి ఆనాటి కాగితాలే: పాత ఒప్పందం, బదులు మనిషిని పంపిన దాఖలా, సొంత కంప్యూటరు కొన్న బిల్లు, మరి ఇద్దరు ముగ్గురికి పని చేసిన ఇన్వాయిసులు. పనిలో నిజంగానే మార్పు వస్తే, ఏ తేదీన ఏమి మారిందో అప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఏమీ మారకుండానే నౌకరన్నారా, నోరు మూసుకుని తల ఊపరాదు. సంస్థ తన నిర్ణయాన్ని కారణాలతో రాసి ఇవ్వాలి. అభ్యంతరం చెబితే 45 రోజుల్లో జవాబివ్వాలి. అల్లుడు రాశాడు. సంస్థ తన పట్టు విడవలేదు గాని, అతడి అభ్యంతరం మాత్రం తేదీతో సహా ఫైలుకెక్కింది.

నాకు ఇంతకన్నా భయం వేసేది ఆ తరువాత వచ్చిన ఏజెంటును తలచుకుంటే. "మా కంపెనీ ద్వారా జీతం తీసుకోండి, నూటికి 85 మీ ఇంటికే" అన్నాడట. కొంత జీతంగా, తక్కినది అప్పుగా ఇస్తారు. ఇటువంటి అప్పులు పుచ్చుకున్న వేలాదిమంది నెత్తిన 2019లో లోన్ ఛార్జి పేరిట పన్ను పడింది. ఈ అప్పు ఎప్పుడు తీర్చాలని అల్లుడు అడిగితే, తీర్చనక్కరలేదని ఆ పెద్దమనిషి నవ్వాడట. అల్లుడు సంతకం పెట్టకుండా వచ్చేశాడు. తీర్చనక్కరలేని అప్పు ఇచ్చేవాడు మా జిల్లాలో నాకింతవరకు తగలలేదు.