బోనాల వంట గురించి గౌలిపుర ఇంటింటికీ విజ్ఞప్తి



పాతబస్తీ బోనాల ఆదివారం మన గల్లీల్లో చుట్టాలు లేని ఇల్లుండదు. పొద్దున అమ్మవారికి బోనం, మధ్యాహ్నం యాటకూర, బగారన్నం. రాత్రి పది దాకా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వడ్డిస్తూనే ఉంటాం. మిగిలిన కూర సోమవారం ఘటాల ఊరేగింపు చూసొచ్చాక తింటాం. ఆ సోమవారం గురించే ఈ విజ్ఞప్తి. పండగ మర్నాడు ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే 'వేడి చేసింది' అనో, 'దిష్టి తగిలింది' అనో అనుకొని ఊరుకుంటాం. చాలాసార్లు కారణం, వండిన కూర పొయ్యి దిగి గంటల తరబడి గుండిగలోనే ఉండిపోవడం.

మాంసంలో క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. కూర తెర్లినా అవి చావవు. గుండిగ దించాక పైన చేయి పెడితే చల్లారినట్టే ఉంటుంది, అడుగున మాత్రం గంటల పాటు గోరువెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనంలో బీజాలు మేల్కొని దాదాపు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. కూర వాసన మారదు, రుచి చెడదు. తిన్న 6 నుంచి 24 గంటల్లో కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. అందుకే ముక్కును నమ్మకండి, గడియారాన్ని నమ్మండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో వండిన తిండి రెండు గంటలకు మించి ఉండకూడదు. బాగా ఎండగా, ఉక్కగా ఉన్న రోజైతే గంటే.

వడ్డిస్తున్నంత సేపూ సన్నని సెగ మీద పొగలు వచ్చేలా ఉంచండి. మిగలబోతోందని తెలియగానే గుండిగలోంచి తీసి వెడల్పు పళ్లేల్లో, చిన్న గిన్నెల్లో పలచగా పరచండి. గిన్నెను చల్లనీళ్ల టబ్బులో పెడితే ఇంకా తొందరగా చల్లారుతుంది. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. గుండిగను గుండిగగానే ఫ్రిజ్‌లోకి నెడితే నడిమి కూర తెల్లారేదాకా వెచ్చగానే ఉంటుంది. మర్నాడు తినేముందు గోరువెచ్చ చేస్తే చాలదు, అడుగు నుంచి కలుపుతూ తెర్లనివ్వాలి.

అయితే వేడి చేస్తే అన్నీ పోతాయనుకోవడమూ తప్పే. వంటచేసే మనిషి వేలికి పుండో, చీము పట్టిన గాయమో ఉంటే స్టఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా తిండిలోకి చేరుతుంది. బయట పెట్టిన తిండిలో అది విషాన్ని వదులుతుంది. బయట ఉంచిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ చేసేదీ అలాంటి పనే. ఈ రెండు విషాలూ మళ్లీ మరగబెట్టినా విరగవు. తిన్న అరగంట నుంచి ఆరేడు గంటల్లోపే తెరలు తెరలుగా వాంతులవుతున్నాయంటే ముందు వీటినే అనుమానించాలి. కాబట్టి చేతికి గాయమున్నవాళ్లను ఆ రోజు వంట నుంచి తప్పించండి, వేరే పని చెప్పండి. చిన్నబుచ్చుకోవద్దని ముందే నచ్చజెప్పండి. పాలు, బెల్లం వేసి వండిన బోనం గుడి నుంచి ఇంటికి రాగానే అందరూ ప్రసాదంగా తీసుకోండి, రాత్రికి దాచకండి.

జ్వరం, చలి, కడుపునొప్పి, విరేచనాలు కలిసి ఒకట్రెండు రోజులకు మొదలైతే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కావచ్చు. సరిగా ఉడకని కోడి, పచ్చిగుడ్డు దాని నెలవులు. 2024 అక్టోబరులో బంజారాహిల్స్ వైపు మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, పదుల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ నెల 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. పిల్లలు బండి దగ్గర ఆ తెల్లటి సాస్ అడిగినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. పచ్చిమాంసం కోసిన కత్తితో, చెక్కతోనే ఉల్లిగడ్డ, కీర కోస్తే కూరలో చచ్చే క్రిమి సలాడ్‌లో బతికి ఉంటుంది.

నీళ్ల సంగతి తిండి కంటే తక్కువేం కాదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో మంచినీళ్లు కలుషితమై వందల మంది వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. మన గల్లీల్లోనూ నల్లా పైపు, మోరీ పక్కపక్కనే పోతున్నాయి. నల్లా బంద్ అయినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది, పగులుంటే మురుగు లోపలికి వస్తుంది. నీళ్లు రంగు మారినా, వాసనొచ్చినా జలమండలి నంబరు 155313కి వెంటనే చెప్పండి. బాగయ్యేదాకా మరగబెట్టి తాగండి. రస్నా, మజ్జిగ, పానీపూరి నీళ్లు కూడా తాగేనీళ్లే కదా.

జబ్బు చేసినప్పుడు ప్రాణం తీసేది ఎక్కువగా ఒంట్లో నీరు ఇంకిపోవడం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి తాగించి, మరణాలను బాగా తగ్గించారు. ఆ నీళ్లే ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే మొత్తం లీటరు నీళ్లలోనే కలపండి, సగం సగం వద్దు. ప్యాకెట్ దొరకకపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఆరు సమానపు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా పట్టండి. తల్లిపాలు ఆపొద్దు. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ అని నమ్మకండి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటి మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

మూత్రం రాకపోవడం, కళ్లు లోపలికి పోవడం, మగతగా పడి ఉండటం, విరేచనంలో రక్తం, తగ్గని జ్వరం, నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం — ఇందులో ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం ఆపి 108కి ఫోన్ చేయండి. గర్భిణులు, ముసలివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, పసిపిల్లల విషయంలో అంతదాకా కూడా ఆగొద్దు. మెడికల్ షాపులో విరేచనాలు ఆగే మాత్ర అడిగి పిల్లలకు వేయకండి.

ఇంకొక్క మాట, నా మనసులో చాలాకాలంగా ఉన్నది. దావత్ తిని జబ్బుపడ్డామని చెబితే పిలిచినవాళ్ల పరువు పోతుందని నోరు మూసుకుంటాం. దానివల్ల అదే కూర ఇంకో పది మంది తింటారు. ఒకే తిండి తిన్న ఇద్దరు ముగ్గురికి జబ్బు చేసిందని తెలిస్తే ముందు ఆ ఇంటికి, తర్వాత దగ్గరి బస్తీ దవాఖానాకు చెప్పండి. మిగిలిన కూర తినకండి, పారేయకండి. మూతపెట్టి ఫ్రిజ్‌లో విడిగా ఉంచితే పరీక్షకు పనికొస్తుంది.

ఆలయ కమిటీల పెద్దలు పండగ మీటింగ్‌లో మూడు పనులు పంచుకోవాలని కోరుతున్నాను. ప్రతి గుండిగ పొయ్యి దించిన సమయాన్ని సుద్దముక్కతో దాని మీదే రాయడం ఒకరు. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ల డ్రమ్ము చూసుకోవడం ఒకరు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లతో సోమవారం రాత్రి దాకా పందిట్లో ఉండేవాళ్లు ఒకరు. ఆ మూడు పేర్లు గుడి బోర్డు మీద ఆదివారం పొద్దుటికే కనిపించాలి.