గోవన్ కంచుకోట: భార్య ఒకసారి, భర్త ఒకసారి

కంచుకోట అనే మాట మన టీవీ డిబేట్లలో రోజూ వింటూనే ఉంటాం. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో సిటీలో గోవన్ అని ఒక పార్లమెంట్ సీటు ఉండేది. లేబర్ పార్టీకి అచ్చం అలాంటి కంచుకోటే. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే యార్డులు, వాటి నిండా కార్మికులు. లేబర్ క్యాండిడేట్ నామినేషన్ వేస్తే గెలిచినట్టే లెక్క.

1973 నవంబర్‌లో ఉప ఎన్నిక వచ్చింది. స్కాట్లాండ్ విడి దేశం కావాలనే ఎస్‌ఎన్‌పీ తరఫున మార్గో మెక్‌డొనాల్డ్ దిగారు. వయసు 30. 571 ఓట్లతో కోట కూలింది! సంబరం నాలుగు నెలలు కూడా నిలవలేదనుకోండి. 1974 ఫిబ్రవరి జనరల్ ఎలక్షన్లో లేబర్ సీటు లాగేసుకుంది.

1988లో మళ్లీ ఉప ఎన్నిక. ఈసారి ఎస్‌ఎన్‌పీ నుంచి జిమ్ సిల్లర్స్. ఒకప్పటి లేబర్ ఎంపీ, అప్పటికి మార్గో భర్త. (జంపింగులు మనకేం కొత్త కాదులెండి.) ఏడాది ముందే లేబర్ 19,509 మెజారిటీతో గెలిచిన సీటు అది. కానీ థాచర్ ప్రభుత్వం ఇంగ్లండ్ కంటే ఏడాది ముందే స్కాట్లాండ్ మీద పోల్ ట్యాక్స్ రుద్దబోతోంది. ఆస్తితో పనిలేదు, తలకింత అని పన్ను. జనం మండిపోతున్నారు. స్కాట్లాండ్ నుంచే 50 మంది ఎంపీలుండి లేబర్ ఏం పీకిందని ఎస్‌ఎన్‌పీ ఎద్దేవా చేసింది. సిల్లర్స్ 3,554 మెజారిటీతో గెలిచారు.

1992లో ఆయనా ఓడారు. మావాళ్లది 90 నిమిషాల దేశభక్తి, మ్యాచ్ అయిపోతే అదీ అయిపోతుందని చిరాకు పడ్డారు. రేంజర్స్ క్లబ్ స్టేడియం ఐబ్రాక్స్ ఉన్నది గోవన్‌లోనే మరి!

1997లో ఇక్కడ గెలిచిన లేబర్ నేత మొహమ్మద్ సర్వర్ బ్రిటన్‌లో తొలి ముస్లిం ఎంపీ. 2,914 ఓట్ల తేడాతో ఓడింది 26 ఏళ్ల నికోలా స్టర్జన్. తర్వాత స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ అయ్యారే, ఆవిడే.

గోవన్ కొట్టిన దెబ్బలు కూడా స్కాట్లాండ్‌కు సొంత పార్లమెంట్ రావడానికి ఒక కారణమని నా లెక్క. చేతిలో సీట్లు జారిపోతుంటే లేబర్ ఎన్నాళ్లని ఊరుకుంటుంది? 1999లో ఆ పార్లమెంట్ వచ్చింది. ఇక లండన్‌లో మీకు అన్ని సీట్లెందుకని 2005లో 72ను 59 చేశారు. డీలిమిటేషన్ అన్నమాట. ఆ కోతలోనే గోవన్ సీటు మాయం. ఏ పార్టీ శాశ్వతంగా గెలుచుకోలేని కోటను మ్యాపు మీద గీత చెరిపేసింది.

2021 స్కాటిష్ ఎన్నికల్లో మాత్రం పాత పోరు మళ్లీ కనిపించింది. గ్లాస్గో సౌత్‌సైడ్‌లో స్టర్జన్ మీద పోటీ చేసింది సర్వర్ కొడుకు అనస్. ఈసారి స్టర్జన్‌దే గెలుపు.