గెలిచిన గ్రహమున జనులెక్కడ?

చదరంగపు బల్లమీద రాజున్నాడు, మంత్రి యున్నాడు. ఏనుగులు, శకటులు, గుఱ్ఱములు, బంట్లు ఉన్నవి. లేనిది ఒక్కటే: ప్రజ. అరువదినాలుగు గడులలో దున్నువాడు గాని, నేయువాడు గాని, బిడ్డ నెత్తుకొని పారిపోవు తల్లి గాని కానరాదు. ఇది ఆ ఆటకు లోపమని యెవ్వరును తలపరు. గడి గడియే గాని ఊరు కాదు; దానిని ఆక్రమించినపుడు ఎవరి ఇల్లును కూలదు. కాని గడికి ఊరిపేరు పెట్టి, ఆ ఊరికి ఒక కథ చెప్పి, ఆ కథను లోకమంతయు ఎఱిగిన పిదప దానిని గెలుచుట వట్టి గడిని గెలుచుటయేనా? అంతరిక్షమును జయించు నేటి వీడియో ఆటలను చూచినపుడు ఈ ప్రశ్న అడుగక తప్పదు.

ఆదివారపు సాహిత్యపుటలో కంప్యూటరు ఆటల ప్రసంగమేల యని కొందరు పాఠకులు బొమలు ముడివేయవచ్చును. కాని మా తరగతులలో కూర్చుండు యువకులలో పలువురు ప్రబంధనాయకుల దండయాత్రలకంటె నక్షత్రసేనల దండయాత్రలనే బాగుగ ఎఱుగుదురు. వారి తీరికను, ఊహను ఏలుచున్న కథలను సాహిత్యము పట్టించుకొనకుండుట తగదు.

'స్టార్ వార్స్: ఎంపైర్ ఎట్ వార్' అను ఆటను తీసికొందము. 1977లో జార్జి లూకాస్ తీసిన 'స్టార్ వార్స్' చలనచిత్రముతో మొదలైన కథామాలిక దీనికి మూలము. మహాబలము గల దేశమొకటి చిన్న జనమును లొంగదీయజాలకపోయిన వియత్నాం యుద్ధము తన కథకు ఒక ప్రేరణ యని లూకాస్ స్వయముగ చెప్పియున్నాడు. ఆటను లాస్ వేగాస్ నగరమందలి పెట్రోగ్లిఫ్ సంస్థ నిర్మింపగా, లూకాస్‌ఆర్ట్స్ సంస్థ 2006లో వెలువరించినది. ఆడువాడు సామ్రాజ్యపక్షమునైనను, తిరుగుబాటు పక్షమునైనను వహింపవచ్చును. ఎదుట నక్షత్రమండలపు పటముండును. గ్రహము చేజిక్కినకొలది దినాదాయము పెరుగును. ఆ ధనముతో సేనలను, నౌకలను సమకూర్చుకొనవలెను. ఒక గ్రహమును పట్టుటకు ముందు ఆకాశమున నౌకాయుద్ధము, పిమ్మట నేలపై యుద్ధము.

ఇందు మెచ్చదగిన నేర్పు లేకపోలేదు. సామ్రాజ్యము పరిశోధన చేసి కొత్త ఆయుధములను సంపాదించును. తిరుగుబాటుదారులకు అంతటి స్తోమత లేదు; వారు ఆర్ టూ డీ టూ, సీ త్రీ పీ ఓ అను యంత్రపురుషులను పంపి శత్రువుల విద్యను దొంగిలింతురు. చిన్న దళముతో శత్రునౌకల కన్నుగప్పి నేరుగ నేలపై దిగు వెసులుబాటును వారికి కలదు. బలవంతుని యుద్ధనీతియు బలహీనుని యుద్ధనీతియు ఒకటి కావని ఉపన్యాసము లేకయే ఈ ఏర్పాటు బోధించుచున్నది.

అయితే సామ్రాజ్యపక్షము వహించినవాని చేతికి తుదకు డెత్ స్టార్ అను మృత్యుగోళము వచ్చును. గ్రహమునే తునాతునకలు చేయు ఆయుధమది. చలనచిత్రములో అది ఆల్డెరాన్ గ్రహమును నశింపజేయు ఘట్టము కథకెల్ల మర్మస్థానము. తన్ను పెంచిన నేల తన కన్నులయెదుటనే భస్మమగుట చూచిన లేయా వేదనలో సామ్రాజ్యమనగా ఏమో ప్రేక్షకుడు తెలిసికొనును. ఆటలోనో, అదే కార్యమునకు ఫలము వేరు. గ్రహమున్నచోట రాళ్ల గుంపు మిగులును. అక్కడి శత్రుసేన తుడిచిపెట్టుకొని పోవును. అక్కడినుండి రావలసిన ఆదాయము ఇక రాదు. లెక్క అంతటితో సరి. తక్కిన గ్రహములవారు వెఱచిరా, రోసిరా, తిరుగబడిరా యను ప్రశ్నకు పటముపై చోటు లేదు.

న్యాయము చెప్పవలెనన్న, ఆటలో జనులు బొత్తిగా లేకపోలేదు. కొన్ని గ్రహములపై స్థానికుల నివాసములు కలవు. కషీక్ గ్రహమున వూకీలు అను జాతివారు తిరుగుబాటుదారుల పక్షమున నిలిచి పోరాడుదురు. కాని వారును పోరాడునంతసేపే కానవత్తురు. యుద్ధము ముగిసిన మరునాడు వారి బ్రతుకేమైనదో ఆటకు పట్టదు.

ఆటకు ఇంతకు మించి సాధ్యము కాదని యెవరైన అనవచ్చును. అది సరి కాదు. అంతకు ఎనిమిదేండ్ల ముందు, 1998లో, అదే లూకాస్‌ఆర్ట్స్ సంస్థ అదే కథామాలికపై 'స్టార్ వార్స్: రెబెలియన్' అను ఆటను వెలువరించియుండెను. బ్రిటనులో దాని పేరు 'సుప్రిమసీ'. అది చూపునకు అంత సొంపైనది కాదు. ఒక కిటికీపై మఱియొక కిటికీ తెఱచుకొనుచు పోవలసిన దాని పద్ధతికి విమర్శకులు విసిగిరి. కాని అందు ఒక గొప్ప సంగతి కలదు. ఆ పటమున రెండువందల వరకు గ్రహములుండగా, జనులు గల గ్రహమునకెల్ల ప్రజాభిమానము ఏ పక్షమున ఎంత యున్నదో చూపు లెక్క కలదు. సేనతో ఆక్రమించినంత మాత్రమున గ్రహము మనది కాదు. ప్రజ మనవైపు లేనిచో కావలిదళముల నుంచవలెను. అవి చాలనిచో తిరుగుబాటు లేచును. దూతలను పంపి మాటలతో మనసులు మార్చుకొనవలెను. ఆకాశమునుండి జనావాసములపై బాంబులు కురిపించినవానికి ప్రజ విముఖమగును. గెలుపు వచ్చును, గ్రహము పోవును. రాజనీతిలో ఇంతకంటె పెద్ద పాఠమేమున్నది?

ఈ యెనిమిదేండ్లలో తెర అందగించినది, నౌకలు మెఱుగెక్కినవి, పేలుళ్లు వెలుగులు విరజిమ్మినవి. ప్రజాభిమానపు లెక్క మాత్రము జారిపోయినది. మనసు మారుట మెల్లగ జరుగు పని. దానిని తెరపై చూపుట కష్టము. నౌక పగులుట క్షణములో జరుగును, కంటికి పండుగ. మన కవులలోను యుద్ధవర్ణన చేయుటకు ఉత్సాహపడినవారు పెక్కుమంది. యుద్ధానంతరము ఊరిని వర్ణించినవారు కొద్దిమంది. కనుక ఆటలవారినే నిందించుట ధర్మము కాదు.

ఇట్టి ఆటలలో పెక్కింటికి 'ఫోర్ ఎక్స్' అను జాతిపేరు కలదు. 'మాస్టర్ ఆఫ్ ఓరియన్' అను అంతరిక్షపు ఆటను గూర్చి 1993లో వ్రాయుచు అలన్ ఎమ్రిచ్ అను అమెరికను రచయిత ఈ పేరు పుట్టించెను. అన్వేషించుట, విస్తరించుట, పిండుకొనుట, నిర్మూలించుట అను అర్థములు గల నాలుగు ఆంగ్లక్రియలలోని ఎక్స్ అను అక్షరమే దానికి ఆధారము. చమత్కారమునకై పుట్టిన పేరే. కాని ఆ క్రియలను వరుసగ చదివినచో ఐరోపావారి వలసరాజ్యముల చరిత్రకు విషయసూచిక చదివినట్లుండును. వాక్యమున కర్తను గుర్తించి ఊరకుండరాదు, కర్మను కూడ వెదకవలెనని మేము విద్యార్థులకు చెప్పుదుము. ఇక్కడను వెదకుదము. అన్వేషించినది ఎవరి నేలను? పిండుకొన్నది ఎవరి కష్టమును? నిర్మూలించినది ఎవరిని?

ఈ ప్రశ్న మన నేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై అశోకుని పదునాలుగు శిలాశాసనములు కలవు. పదుమూడవది కళింగవిజయమును చెప్పును. అందు విజేత తనకు కలిగిన లాభమును చెప్పలేదు. చెఱగొనిపోబడినవారు లక్షయేబదివేలు, చంపబడినవారు లక్ష, అంతకు పెక్కురెట్లు నశించినవారు అని లెక్క చెప్పెను. బ్రతికినవారికి ఆప్తుల కష్టమువలన కలిగిన దుఃఖమును కూడ ఆ లెక్కలో చేర్చెను. ఆయన కళింగమును తిరిగి ఇచ్చివేయలేదు. అదే శాసనమున అడవిజనులకు హెచ్చరికయు కలదు. అయినను లెక్క దాచలేదు. గెలిచినవాడే తన గెలుపులోని కర్మపదమును పూరించిన సందర్భములు చరిత్రలో అరుదు.

ఆటలను మానుడని మేము చెప్పుట లేదు. మాన్పించుట ఎవరి తరమును కాదు. 'ఎంపైర్ ఎట్ వార్'కు పెట్రోగ్లిఫ్ సంస్థ 2023లో కూడ సవరణ వెలువరించినది. మన కావ్యములలో ప్రక్షిప్తములవలె, ఆడువారు తామే కొత్త నౌకలను, గ్రహములను, కథలను అందు చేర్చుచున్నారు. చేర్చువారు కావలిదళములతోపాటు కావలిలోని ప్రజను కూడ చేర్చినచో ఆట చప్పబడదు, మఱింత కఠినమై రక్తి కట్టును. 1998 నాటి ఆట అందుకు సాక్షి. హైదరాబాదులో ఆటల నిర్మాణమున పనిచేయు మన యువతీయువకులును ఈ మాటను ఆలోచింపవలెనని కోరుదుము. ఎవరో కాచి పోసిన మూసలోనే వారును గ్రహములను గెలువనక్కఱలేదు.

తెరపై విజయవార్త వెలుగగానే ఆడిన కుఱ్ఱవాడు కంప్యూటరు నాపి లేచును. లేచునపుడు, తాను గెలిచిన గ్రహమున ఈ రాత్రి దీపము వెలిగించువారెవరని ఒక్కసారి తలచినచో, ఆ ఆట వానికి చదువును అయినట్లే.