పిలిస్తే పలకని ఉపగ్రహం

పిల్లలూ, కిందటి నెలలో ఒకనాటి సాయంత్రం నేను శాలిబండలో మా ఇంటి డాబా మీద కూర్చుని ఉండగా, పక్కింటి ఎనిమిదో తరగతి కుర్రవాడు పరుగెత్తుకుంటూ వచ్చి, "సార్, చూడండి! ఆ నక్షత్రం నడుస్తున్నది!" అన్నాడు. చూశాను. మినుకు మినుకుమనకుండా, చప్పుడు లేకుండా, ఒక చుక్క ఉత్తరం నుంచి దక్షిణానికి పోతున్నది.

"అది నక్షత్రం కాదురా, కృత్రిమ ఉపగ్రహం," అన్నాను.

"అది పని చేస్తున్నదా, సార్?"

ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. పని చేసే ఉపగ్రహమూ, పాడైపోయిన ఉపగ్రహమూ పైకి ఒకే మాదిరిగా కనబడతాయి. రెండూ సూర్యుడి వెలుగు పడే మెరుస్తాయి. తేడా అల్లా ఒకటి పిలిస్తే పలుకుతుంది, రెండోది పలకదు.

ఉపగ్రహాన్ని పిలవటం ఏమిటంటారా? ఫలక్‌నుమా స్టేషనులో మహబూబ్‌నగర్ వైపు వెళ్ళే రైలు ఎక్కితే దారిలో షాద్‌నగర్ వస్తుంది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం అని అర్థం. ఈ ప్రయాణానికి ఆ పేరు భలే కుదిరింది! హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారి భూకేంద్రం షాద్‌నగర్ దగ్గరే ఉన్నది. పెద్ద పెద్ద గిన్నెల వంటి యాంటెనాలు 1979 నుంచీ అక్కడ ఆకాశం కేసి చూస్తూ, నేలను ఫొటోలు తీసే ఉపగ్రహాల సంకేతాలను పట్టుకుంటున్నాయి.

ఆ ఉపగ్రహాలు ఆరేడువందల కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా, గంటన్నర పైచిలుకు కాలంలో భూమిని ఒకసారి చుట్టి వస్తాయి. ఒక్కొక్కటీ మన నెత్తిన ఉండేది పది పన్నెండు నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలోనే అది తాను తీసిన ఫొటోలు దించాలి. "నా బ్యాటరీ ఇట్లా ఉన్నది, నా ఒంటి వేడి ఇంత, నా ఇంధనం ఇంత మిగిలింది," అని తన క్షేమసమాచారం కూడా చెప్పుకోవాలి. కింది నుంచి వెళ్ళే ఆజ్ఞలు వినాలి. నేను బడిలో ఎన్నో ఏళ్ళు హాజరు పిలిచినవాణ్ణి గనక, ఇది నాకు హాజరు పట్టీలాగే కనబడుతుంది. పేరు పిలవగానే "హాజర్ సార్!" అనాలి.

ఉపగ్రహానికి ముసలితనం వస్తుందా అంటే, తప్పకుండా వస్తుంది. అది చుట్టు తిరిగిన ప్రతిసారీ కొంతసేపు భూమి నీడలోకి పోతుంది. అప్పుడు సూర్యరశ్మి ఉండదు, బ్యాటరీయే దిక్కు. రోజుకు పదిహేను చుట్లు చొప్పున ఏడాదికి అయిదు వేల సార్లు పైగా ఆ బ్యాటరీ ఖాళీ అవుతూ, నిండుతూ ఉండాలి. మీ ఇంట్లో సెల్‌ఫోను బ్యాటరీ రెండు మూడేళ్ళకే ఎట్లా నీరసించిపోతుందో చూశారు గదా! ఇక్కడైతే గుల్జార్ హౌస్ దాకా వెళ్ళి మార్పించుకుంటాం. అక్కడికి ఎవరు వెళతారు?

ఐరోపా వారి ఎన్విశాట్ కథ వినండి. బరువు ఎనిమిది టన్నులు. 2002 మార్చి 1న ఎగిరింది. అయిదేళ్ళు పని చేస్తే చాలనుకుంటే పదేళ్ళు చేసింది; సముద్రాలూ, మంచుగడ్డలూ, గాలిలోని ఓజోనూ అన్నిటినీ కొలిచింది. 2012 ఏప్రిల్ 8న పిలిస్తే పలకలేదు. మళ్ళీ మళ్ళీ పిలిచారు. ఒక ఫ్రెంచి ఉపగ్రహం పక్కగా పోతూ దాన్ని ఫొటో తీసింది. జర్మనీలోని రాడారు కూడా చూసింది. విరిగిపోలేదు, చక్కగా తన కక్ష్యలోనే ఉన్నది! పిల్లవాడు బెంచీ మీద కూర్చునే ఉన్నాడు గాని, నోరు విప్పడు. నెల రోజులు చూసి, మే 9న పేరు కొట్టేశారు.

"పలకకపోతే పోనీ, తిరగనీ," అనుకుంటే చిక్కున్నది. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, సుమారు 790 కిలోమీటర్ల ఎత్తున, మాట పడిపోయిన ఒక రష్యన్ ఉపగ్రహమూ, నిక్షేపంగా పని చేస్తున్న ఒక అమెరికన్ ఉపగ్రహమూ ఢీకొని రెండు వేలకు పైగా ముక్కలైనాయి. పలకని దాన్ని పక్కకు తప్పుకోమని చెప్పేదెట్లా? ఎన్విశాట్ తిరిగేది కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే. అది తనంతట తాను కిందికి రావటానికి నూరేళ్ళకు పైనే పడుతుంది.

మనవాళ్ళు కార్టోశాట్-2 విషయంలో ఇంకో విధంగా చేశారు. 680 కిలోల ఆ ఉపగ్రహం 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. ఒక మీటరు కన్నా చిన్న వస్తువులను కూడా గుర్తుపట్టగల కన్ను దానిది. 2019 దాకా ఫొటోలు పంపింది. 635 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది తనంతట తాను దిగాలంటే ముప్ఫై ఏళ్ళు పడుతుంది. అందుకని, అది ఇంకా మాట వింటూ ఉండగానే, 2020లో, మిగిలిన ఇంధనం మండించి దాని వేగం తగ్గించారు. వేగం తగ్గితే కక్ష్యలో ఒక పక్క భూమికి దగ్గరవుతుంది. అక్కడ గాలి ఉన్నదీ లేనట్టే, అయినా తగులుతుంది. ప్రతి చుట్టులోనూ ఆ గాలి దాన్ని మరికాస్త కిందికి లాగుతుంది. ఇంధనం లేకుండానే మిగిలిన పని గాలే చేసింది!

2024 ఫిబ్రవరి 14న అది 130 కిలోమీటర్ల ఎత్తుకు దిగినప్పుడు, అంటార్కిటికాలోని మన భారతి కేంద్రం దాని ఆఖరి మాటలు విన్నది. బ్యాటరీ పేలి ముక్కలు చెదరకుండా, కరెంటు అంతా ఆపివేసినట్టు ఆ మాటల వల్ల తెలిసింది. ఆ మధ్యాహ్నం 3 గంటల 48 నిమిషాలకు అది హిందూమహాసముద్రం మీద వాతావరణంలోకి వచ్చింది.

ఇదంతా విని మా కుర్రవాడు, "అయితే మనం చూసింది ఎన్విశాటేనా, సార్?" అన్నాడు. కావచ్చు, కాకపోవచ్చు. ఏ వేళకు, ఏ దిక్కున కనిపించిందో రాసిపెట్టుకుంటే పట్టికల్లో వెతికి చెప్పవచ్చు. ఆ రోజు మా ఇద్దరి దగ్గరా గడియారం లేదు. ఇప్పుడు వాడు చీకటి పడే వేళకు నోటు పుస్తకంతో డాబా ఎక్కుతున్నాడు.