నెట్‌వర్కు రక్షణమునకు ఏది మేలు?

ఇంటర్నెట్టునందు జరుగు దాడులలో మిక్కిలి మోటైనది వెల్లువ దాడి. శత్రువు దొంగవలె తాళము తీయఁడు. వేలకొలఁది యంత్రములచేత ఒక్కమాఱుగఁ దలుపు తట్టించును. ఆ సందడిలో నిజముగఁ బనిపై వచ్చినవానికి దారి దొరకదు. 2007వ సంవత్సరమున ఎస్టోనియా దేశమందలి బ్యాంకులును, వార్తాపత్రికలును ఇట్టి దాడులకు లోనయ్యెను. దీనిని మరలించుటకు సాఫ్ట్‌వేరు, హార్డ్‌వేరు, క్లౌడు అను మూఁడు సాధనములు గలవు. వీనిలో నొక్కదానినే నమ్మి యుండుట తగదని మా యభిప్రాయము.

సాఫ్ట్‌వేరు సర్వరునందే యుండి పనిచేయును. దీనికి వ్యయము స్వల్పము; లినక్సు సర్వరులకు ఫైర్‌వాలు ఉచితముగనే లభించును. సగములో విడిచిన అభ్యర్థనలతో సర్వరు జ్ఞాపకమును నింపివేయు దాడికి 1996లో డేనియల్ బెర్న్‌స్టీన్ సూచించిన సిన్ కుకీల పద్ధతి నేఁటికిని విరుగుడుగా నున్నది. అయినను వెల్లువ గుమ్మమును చేరిన పిమ్మటఁగాని యిది పనిచేయఁజాలదు.

హార్డ్‌వేరనఁగా సర్వరునకు ముందు నిలుపు ప్రత్యేక యంత్రము. దీని వేగము మెండు, వెలయు మెండే. కాని యింటికి వచ్చు తీఁగ సెకనుకు ఒక్క గిగాబిట్టు మాత్రమే మోయఁగలిగినచో, పది గిగాబిట్ల వెల్లువకుఁ దీఁగయే నిండిపోవును. అపుడు యంత్ర మెంత గట్టిదైనను ఏమి ప్రయోజనము?

క్లౌడు సంస్థలు పలుదేశములందలి తమ కేంద్రములలో వెల్లువను పంచుకొని, వడపోసి, మంచి రాకపోకలను మాత్రమే పంపును. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్‌పై సెకనుకు 1.35 టెరాబిట్ల వెల్లువ రాఁగా, ఆ సంస్థ తన రాకపోకలను అకామై సంస్థకు మరలించి కొలఁది నిమిషములలోనే తేఱుకొనెను. అయినను పరుల గొడుగు పరులదే. 2016లో బ్రయాన్ క్రెబ్స్ అను పాత్రికేయుని వెబ్‌సైటుపై పెనుదాడి జరిగినపుడు, ఉచితముగఁ గాపాడుచుండిన ఆ అకామైయే తప్పుకొనెను. పిదప గూగుల్‌వారి ప్రాజెక్టు షీల్డు ఆదుకొనెను. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ చేర్చిన దోషయుక్తమైన రక్షణసూత్రము వలన, దాడి యేదియు లేకయే, దాని నాశ్రయించిన వెబ్‌సైటు లనేకములు దాదాపు అరగంట నిలిచిపోయెను.

కావున చిన్న విద్యాలయమో, పత్రికయో మొదట సర్వరులోని సాఫ్ట్‌వేరును చక్కఁబఱచుకొని, వెల్లువకై క్లౌడు నాశ్రయింపవలయును. అసలు సర్వరు చిరునామాను గోప్యముగ నుంచవలయును. లేనిచో శత్రువు క్లౌడును తప్పించుకొని నేరుగ వచ్చును. హార్డ్‌వేరును పెద్ద తీఁగలును, నిపుణులును గల సంస్థలకు విడుచుట మేలు.

క్రెబ్స్ వెబ్‌సైటుపై దండెత్తిన మిరాయి సేనలో నుండినవి సామాన్యుల యిండ్లలోని కెమెరాలు, రౌటర్లు. కర్మాగారమునఁ బెట్టిన పాస్‌వర్డులను యజమానులు మార్చకుండుటచేతనే అవి శత్రువు వశమయ్యెను. తలిదండ్రులారా, విద్యార్థులారా, మీ యింటి రౌటరు పాస్‌వర్డును నేఁడే మార్చుఁడు. మన యంత్రము మఱియొకరి పత్రిక నోరు నొక్కుటకుఁ దోడ్పడకుండఁ జూచుట మన విధి. దీనికి ఒక్క పైసయు ఖర్చు కాదు.